భుజకీర్తులు (రంగస్థల ఆభరణం)

భుజకీర్తులు పౌరాణిక నాటకాలలో, యక్షగానాలలో, చలనచిత్రాలలో రాజులు, దేవతలు, రాక్షసుల వేషాలు కట్టేవారు రెండు భుజాలపై ధరించే ఆభరణాలు. చూపునకు రత్నాలు పొదిగిన బంగారు రేకుల వలె కనిపించినను, ఇవి సాధారణంగా తేలిక కర్రతో గాని, అట్టతో గాని చేసిన అనుకరణలు. ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ప్రదర్శనలిచ్చే చిందు భాగవతులు పొనికి కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు ధరించడం అనుశ్రుతంగా వస్తున్నది. ఇదే ప్రాంతంలోని నిర్మల్ పట్టణం పొనికి కర్ర బొమ్మలకు ప్రసిద్ధి చెందినది. భుజకీర్తుల అర్థం, ప్రయోజనం, ఇంటివద్ద తయారు చేసుకొను విధానం, పాటించవలసిన జాగ్రత్తలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

పేరు, అర్థం

భుజం, కీర్తి అను రెండు సంస్కృత పదాల కలయిక భుజకీర్తి. దండచేతికి తొడిగే ఆభరణాన్ని కేయూరమనీ, అంగదమనీ అంటారు. భుజకీర్తి అంతకంటె పైన, భుజశిరస్సుపై నిలుస్తుంది. దేవాలయ శిల్పాలలోను, ఉత్సవ విగ్రహాల అలంకరణలోను ఈ రెండింటినీ వేరువేరుగా గుర్తించవచ్చును.

తెలుగు వ్యవహారంలో ఈ మాటకు మరొక ప్రయోగం కలదు. అర్హతకు మించిన బిరుదులు తగిలించుకొన్నవారిని "తమకు తామే భుజకీర్తులు తగిలించుకొన్నారు" అని ఎత్తిపొడుస్తారు. నాటకాల్లోని రాజు తెల్లవారగానే ఆభరణాలు విప్పి మామూలు మనిషి అవుతాడన్న ఎరుక జనానికి ఉండబట్టే ఈ నుడికారం నిలిచిందని భావించవచ్చును.

రంగస్థలంపై ప్రయోజనం

విద్యుద్దీపాలు లేని రోజులలో ఊరి నడిబొడ్డున కాగడాల వెలుగులోను, ఆ తరువాత పెట్రోమాక్స్ దీపాల వెలుగులోను రాత్రంతా ఆటలు ఆడేవారు. ఆ వెలుగులో దూరాన కూర్చున్నవారికి పాత్రధారి ముఖకవళికలు కనిపించవు. పాత్ర ఎవరిదో ఆకారాన్ని బట్టి గుర్తుపట్టవలసి ఉండేది. కిరీటం మనిషి ఎత్తును పెంచితే, భుజకీర్తులు వెడల్పును పెంచుతాయి. వాటిలో పొదిగిన అద్దపు ముక్కలు చిన్న వెలుగును కూడా పలువైపులకు విరజిమ్ముతాయి. బక్కపలుచని నటుడు సైతం హిరణ్యకశిపునిగానో, రావణునిగానో కనిపించడానికి కారణమిదే.

అయితే ఈ పాత్రధారి కదలక నిలబడేవాడు కాదు. దరువుకు తగినట్లు అడుగు వేయవలెను, గిరికీలు కొట్టవలెను, చేతులెత్తి వాదులాడవలెను. కావున భుజకీర్తి పెద్దదిగా కనిపిస్తూనే తేలికగా ఉండవలెను, ఎంత ఎగిరినా జారకుండవలెను. తయారీలోని నేర్పంతా పరస్పర విరుద్ధమైన ఈ రెండు అవసరాలను కలపడంలోనే ఉన్నది.

ఉత్తర తెలంగాణలో

చిందు భాగవతం తెలంగాణకు చెందిన యక్షగాన రూపం. దీనిని ప్రదర్శించేవారు చిందు మాదిగలు. వీరు కుటుంబాలతో సహా ఊరూరా తిరిగి, తమకు మిరాశీ హక్కు గల గ్రామాలలో ఆటలాడుతారు. జాంబపురాణం, ఎల్లమ్మ కథతో పాటు రామాయణ, భారత, భాగవత కథలను కూడా ప్రదర్శిస్తారు. స్త్రీలు కూడా వేషాలు కట్టడం ఈ కళలోని ప్రత్యేకత. నిజామాబాద్ జిల్లా బోధన్ ప్రాంతానికి చెందిన చిందుల ఎల్లమ్మ (మరణం 2005) ఈ కళకు విస్తృతమైన గుర్తింపు తెచ్చినది. జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించబడినది.

అంటరానితనాన్ని అనుభవించిన వర్గానికి చెందిన కళాకారులు రాత్రివేళ రాజులుగా, దేవతలుగా భుజకీర్తులు ధరించి ఊరందరి ముందు నిలబడడం ఈ కళకు గల సామాజిక ప్రాధాన్యం. చిందు వారికి ఈ ఆభరణాలు అలంకారం మాత్రమే కాదు, జీవనోపాధి సాధనాలు కూడా. వృత్తి పనిముట్టు వలె వీటిని జాగ్రత్త చేసి, అవసరమైనప్పుడు మరమ్మతు చేసుకొంటారు.

ఈ ప్రాంతంలో చిరుతల రామాయణం కూడా ప్రచారంలో ఉన్నది. ఇందులో వృత్తి కళాకారులు గాక, గ్రామస్థులే గురువు వద్ద నేర్చుకొని వేషాలు కడతారు. ఇటువంటి ప్రదర్శనలకు, పాఠశాలల వార్షికోత్సవాలకు ఆభరణాలు అద్దెకు తెచ్చుకోవడం, లేదా సొంతంగా తయారు చేసుకోవడం అవసరమవుతుంది.

2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో పూర్వపు ఆదిలాబాద్ జిల్లా నుండి నిర్మల్, మంచిర్యాల, కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడినవి. పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడగా, కొన్ని మండలాలు ఇతర జిల్లాలలో కలిసినవి.

పొనికి కర్ర

పొనికి ఆముదపు కుటుంబానికి చెందిన ఆకురాల్చు చెట్టు. దీని శాస్త్రీయ నామం గివోటియా మొలుక్కానా. పాత గ్రంథాలలో గివోటియా రొట్లెరిఫార్మిస్ అని కనిపిస్తుంది. కర్ర తెల్లగా, మెత్తగా, మిక్కిలి తేలికగా ఉంటుంది. ఎండిన తరువాత చిన్న ఉలితో సులభంగా చెక్కవచ్చును. నిర్మల్ బొమ్మలకే కాక పూర్వపు కృష్ణా జిల్లా ప్రాంతపు కొండపల్లి బొమ్మలకు కూడా ఈ కర్రనే వాడుతారు.

తేలికదనం ఎంత ముఖ్యమో చిన్న లెక్కతో తెలుసుకొనవచ్చును. 25 సెంటీమీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం గల పలక ఘనపరిమాణం 1000 ఘన సెంటీమీటర్లు. రెండు భుజాలకు కలిపి 2000. టేకు కర్రతో చేసినచో ఆ రెండు పలకలు సుమారు 1.3 కిలోగ్రాములు తూగుతాయి. పొనికితో చేసినచో అందులో సగం కూడా తూగవు. అంచులు కోసి, వెనుకభాగం తొలిచిన తరువాత బరువు ఇంకా తగ్గుతుంది. కిరీటం, నడికట్టు, గజ్జెలు కూడా మోయుచు తెల్లవార్లు ఆడవలసిన నటునికి ఈ తేడా చిన్నది కాదు.

చలనచిత్రాలలో

తెలుగు పౌరాణిక చిత్రాలు భుజకీర్తులను ఇంటింటికీ పరిచయం చేసినవి. మాయాబజార్ (1957), దానవీరశూరకర్ణ (1977) వంటి చిత్రాలలోని కిరీటాలు, భుజకీర్తుల నమూనాలను చూచి పాఠశాల వేషధారణ పోటీలకు అనుకరణలు తయారు చేయడం పరిపాటి. దానవీరశూరకర్ణలో నందమూరి తారక రామారావు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు అను మూడు పాత్రలను ధరించినందున, ఒకే నటునిపై మూడు విధాల ఆహార్యాన్ని పోల్చి చూచుటకు వీలున్నది.

సినిమా ఆభరణానికి, రంగస్థల ఆభరణానికి ముఖ్యమైన భేదం కలదు. కెమెరా దగ్గరకు వస్తుంది కనుక సినిమా ఆభరణంలో సన్నని నగిషీ ఉంటుంది. ఆ నగిషీని యథాతథంగా అనుకరించినచో, ఇరవై గజాల దూరాన కూర్చున్న ప్రేక్షకునికి అది మసకగా, ఒకే ముద్దగా కనిపిస్తుంది. రంగస్థలానికి పెద్ద ఆకులు, వెడల్పైన గీతలు, ముదురు రంగుల మధ్య స్పష్టమైన తేడా అవసరం. కావున సినిమా నుండి ఆకారాన్ని, కొలతల నిష్పత్తిని గ్రహించి, నగిషీని సరళం చేయడం ఉత్తమం.

తయారు చేయు విధానం

కావలసిన వస్తువులు: పొనికి పలకలు లేదా గట్టి అట్ట, సన్న రంపం, చిన్న ఉలి, ఆకురాయి, గరుకు కాగితం, చింతగింజల జిగురు లేదా తెల్ల ఫెవికాల్, రంపపు పొట్టు, పాత నూలు గుడ్డ, దారం, సుద్ద, రంగులు, అద్దపు బిళ్ళలు, వెడల్పాటి నవారు పట్టీ, దూది లేదా స్పాంజి.

1. కొలతలు: చిత్రాన్ని చూచి చేయునపుడు తల పొడవును కొలబద్దగా తీసుకొనవలెను. ఉదాహరణకు ఛాయాచిత్రంలో గడ్డం నుండి నడినెత్తి వరకు 4 సెంటీమీటర్లు, భుజకీర్తి ఎత్తు 5 సెంటీమీటర్లు ఉన్నవనుకొందము. ధరించువాని తల 22 సెంటీమీటర్లు అయినచో, భుజకీర్తి ఎత్తు 22ను 5తో గుణించి 4తో భాగించగా వచ్చు 27.5 సెంటీమీటర్లు. చిత్రంలో కిరీటం నడినెత్తిని కప్పివేసినచో, గడ్డం నుండి కనుబొమల వరకు గల దూరాన్ని కొలబద్దగా తీసుకొనవచ్చును.

2. కాగితపు నమూనా: దళసరి కాగితంపై ఒక భుజకీర్తిని గీసి కత్తిరించవలెను. రెండవ దానికి అదే నమూనాను బోర్లించి గీయవలెను. అట్లు బోర్లించనిచో రెండూ ఒకే భుజానికి పనికివచ్చేవిగా తయారవుతాయి. నమూనాను భుజాలపై పెట్టి అద్దంలో చూడవలెను. మెడకు, భుజకీర్తి లోపలి అంచుకు మధ్య 4 లేదా 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండవలెను. లేనిచో తల తిప్పినపుడు చెవి ఆభరణాలు తగులుకొంటాయి.

3. కోత: బాగా ఎండిన కర్రనే వాడవలెను. పచ్చికర్ర ఎండేకొద్దీ ముడుచుకొని పగులుతుంది. అట్టతో చేయునపుడు రెండు మూడు పొరలను అతికించవలెను. ఒక పొర గాడులు నిలువుగా, తరువాతి పొర గాడులు అడ్డంగా ఉండునట్లు పేర్చినచో పలక వంగదు.

4. జిగురు, లప్పం: చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీటితో ఉడికించినచో జిగురు తయారవుతుంది. దీనిలో జల్లించిన రంపపు పొట్టు కలిపినచో అతుకులను, పగుళ్ళను పూడ్చే ముద్ద వస్తుంది. నిర్మల్ బొమ్మల తయారీలో ఈ ముద్దనే వాడుతారు. అతుకులపై నూలు గుడ్డ ముక్కలను జిగురుతో అంటించినచో బలం పెరుగుతుంది. ఒక్కొక్క పూత పూర్తిగా ఆరిన తరువాతనే మరొక పూత వేయవలెను.

5. ఉబ్బు నగిషీ: పెన్సిలుతో గీసిన లతలపై, జిగురులో ముంచిన దారాన్ని అంటించినచో ఉబ్బెత్తు గీతలు ఏర్పడతాయి. ముత్యాల వరుసలకు చిన్న గింజలు గాని, ముద్దతో చేసిన ఉండలు గాని పెట్టవచ్చును.

6. రంగు: సుద్దను జిగురులో కలిపి పూసి, ఆరిన తరువాత గరుకు కాగితంతో నునుపు చేయవలెను. దానిపై మొదట పసుపు రంగు వేసి, ఆ పైన బంగారు రంగు వేసినచో తక్కువ రంగుతోనే నిండుదనం వస్తుంది. లోతైన భాగాలలో ముదురు ఎరుపు, ఆకుపచ్చ నింపినచో ఉబ్బు గీతలు ఎత్తుగా కనిపిస్తాయి.

7. అద్దాలు: అద్దపు బిళ్ళలన్నింటిని ఒకే వైపునకు గాక, కొన్నింటిని కొద్దిగా వాలుగా అమర్చవలెను. అప్పుడు పాత్రధారి ఏ వైపు తిరిగినా కొన్నింటిలోనైనా వెలుగు ప్రతిఫలిస్తుంది. ప్రతి బిళ్ళ చుట్టును దారంతో గాని ముద్దతో గాని గట్టు కట్టవలెను.

8. కట్లు: ఇది అన్నింటికంటె ముఖ్యమైన దశ. భుజకీర్తి అడుగున భుజం వంపునకు సరిపడు మెత్తని దిండు అతికించవలెను. బడి సంచి పట్టీల వలె రెండు నవారు పట్టీలు భుజాల మీదుగా వచ్చి, వీపున ఒకదానినొకటి దాటి, నడుముకు కట్టిన పట్టీతో కలియవలెను. ముందువైపు రొమ్మున అడ్డపట్టీ ఉండవలెను. భుజకీర్తిని ఈ పట్టీలకే కుట్టవలెను గాని దండచేతికి కట్టరాదు. చేయి ఎత్తినపుడు దండ కండరం పైకి లేచి ఆభరణాన్ని చెవివైపునకు నెట్టుతుంది. బరువు వెలుపలి అంచున ఎక్కువైనచో త్రాసు సిబ్బె వలె అటువైపు ఒరుగుతుంది. కావున బరువైన నగిషీని భుజం నడిమికి చేరువగా ఉంచవలెను.

9. పరీక్ష: ధరించి పది నిమిషాలు నడవడం, చేతులు పూర్తిగా పైకెత్తడం, వంగి నమస్కరించడం, గిరున తిరగడం చేసి చూడవలెను. రంగుపూతకు ముందు ఒకసారి, పూర్తయిన తరువాత మరొకసారి పరీక్షించినచో ప్రదర్శన మధ్యలో ఊడిపోయే ప్రమాదం తప్పుతుంది.

జాగ్రత్తలు

రంగులు: పూర్వం పసుపు వన్నెకు అర్దళాన్ని, ఎరుపునకు ఇంగిలీకాన్ని వాడేవారు. అర్దళం ఆర్సెనిక్, గంధకాల సమ్మేళనం. ఇంగిలీకం పాదరసం, గంధకాల సమ్మేళనం. రెండూ విషపదార్థాలే. చెమటతో తడిసే శరీరానికి ఆనుకొని ఉండే వస్తువులపైన, పిల్లలు ముట్టుకొనే వస్తువులపైన వీటిని వాడరాదు. నీటిలో కలిసే ఆక్రిలిక్ రంగులు చాలును.

థర్మోకోల్: తేలికే అయినను పెట్రోలు జాతి ద్రావకాలు గల జిగురులు, పిచికారీ రంగులు తగిలినచో కరిగి గుంటలు పడుతుంది. తెల్ల ఫెవికాల్ వంటి నీటి జిగురునే దీనికి వాడవలెను. థర్మోకోల్ త్వరగా అంటుకొంటుంది గనుక హారతి, కాగడా, బాణసంచా ఉన్న చోట ప్రమాదకరం. చెప్పుల తయారీలో వాడే ఫోము రేకులు దానికంటె గట్టివి, వంచుటకు అనువైనవి. వాటిని అతికించే జిగురు ఘాటుగా ఉంటుంది కనుక కిటికీలు తెరిచి పనిచేయవలెను.

పిల్లలు: 2020 నాటి జాతీయ పాఠశాల సంచి విధానం పిల్లవాని శరీర బరువులో పదవ వంతుకు మించి సంచి ఉండరాదని చెప్పినది. 20 కిలోల పిల్లవానికి ఇది 2 కిలోలు. వేషంలో బరువు పడేది ఎక్కువగా భుజాల పైభాగానే కనుక కిరీటం, భుజకీర్తులు కలిపి ఇంతకు చాలా తక్కువగా ఉండునట్లు చూడవలెను. వారికి గాజు అద్దాలకు బదులు మెరుపు కాగితం వాడవలెను.

నిల్వ: చింతగింజల జిగురుకు తేమ, పురుగులు శత్రువులు. ప్రదర్శన కాగానే చెమట తడి ఆరనిచ్చి, నీడలో గాలి తగలనిచ్చి, గుడ్డలో చుట్టి, పొడిగా ఉండే పెట్టెలో భద్రపరచవలెను.

గుస్సాడీ టోపీ

ఈ ప్రాంతంలో ప్రసిద్ధమైన మరొక ఆహార్యం రాజగోండుల గుస్సాడీ టోపీ. దీపావళి రోజులలో జరిగే దండారీ ఉత్సవంలో గుస్సాడీలు నెమలి ఈకలతో చేసిన పెద్ద టోపీని ధరించి, శరీరానికి బూడిద పూసుకొని నృత్యం చేస్తారు. కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయికి చెందిన కనకరాజు ఈ నృత్యాన్ని ఎందరికో నేర్పి, 2021లో పద్మశ్రీ పురస్కారం పొందినాడు. ఆయన 2024లో మరణించినాడు.

భుజకీర్తులకు, గుస్సాడీ టోపీకి ఒక మౌలిక భేదమున్నది. భుజకీర్తి నాటకంలోని పాత్ర కోసం చేసిన అనుకరణ. గుస్సాడీ టోపీ దేనికీ అనుకరణ కాదు. గోండులు దానిని పవిత్రంగా భావిస్తారు. దానిని ధరించువారు ఉత్సవ కాలంలో కొన్ని నియమాలు పాటిస్తారు. అందుచేత దానిని వేషధారణ పోటీలకు నకలు చేయడం తగదు. అదియును గాక, నెమలి 1963లో జాతీయ పక్షిగా ప్రకటించబడినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నెమలిని వేటాడడం నేరం. సహజంగా రాలిన తోక ఈకలను దేశంలో వాడుకొనుటకు మాత్రమే వీలున్నది.

ప్రస్తుత స్థితి

అడవులలో పొనికి చెట్లు తగ్గినందున నిర్మల్ కళాకారులకు కర్ర లభించడం కష్టమైనది. పొనికి విత్తనం పెంకు గట్టిది గనుక మొలక సులభంగా రాదు. ఈ కారణంగా నరికినంత వేగంగా చెట్లు తిరిగి పెరగవు. అటవీ శాఖ అనుమతి లేకుండా అడవిలో చెట్టు నరకరాదు. ఇంటివద్ద ఒకటి రెండు జతలు చేసుకొనువారు అట్టను వాడి, దొరికే కొద్దిపాటి పొనికిని వృత్తి కళాకారులకు విడిచిపెట్టడం మేలు.

పట్టణాలలో అద్దెకు దొరికే ప్లాస్టిక్, థర్మోకోల్ ఆభరణాలు చవకగా లభిస్తున్నందున కర్ర ఆభరణాల వాడకం తగ్గుతున్నది. అయితే విరిగిన థర్మోకోల్ భుజకీర్తిని పారవేయడం తప్ప మరొక మార్గం ఉండదు. కర్ర భుజకీర్తిని లప్పం పెట్టి, గుడ్డ అంటించి, రంగు వేసి తిరిగి వాడవచ్చును. ఈ మరమ్మతు పనితనం కళాకారుల కుటుంబాలలో పెద్దల నుండి పిల్లలకు చేతిపనిగానే సంక్రమిస్తున్నది. పాత ఆభరణాల కొలతలు, నమూనాలు కాగితంపై గీసి భద్రపరచడం పాఠశాలల చేతిపనుల తరగతులలో సైతం చేయదగిన పని. ఒక జత భుజకీర్తుల కొలతలు తీసుకొనుటకు స్కేలు, పెన్సిలు, పెద్ద కాగితం, ఒక పూట సమయం చాలును.